గాలిపటాల ఎత్తు

వానలు మొదలైన రోజే మా అన్నయ్య చేతిలోంచి కత్తి తీసేసుకున్నాను. లాక్కోలేదు. నేను చెయ్యి చాపితే మారుమాట లేకుండా నా అరచేతిలో పెట్టాడు. వెంట్రుకంత సన్నటి ముత్యపు చిప్ప పోగుల్ని నల్లటి చెక్క మీద అతికించి, ఎక్కడికక్కడ తుంచడానికి వాడే చిన్న కత్తి అది. ముప్ఫై మూడేళ్లు ఆయన వేళ్ల మధ్యే ఉండి పిడి ఒక పక్కకి అరిగిపోయింది.

"మళ్లీ ఎప్పుడిస్తావే?" అని మాత్రం అడిగాడు.

"నీ మెడ నిలబడ్డాక," అన్నాను.

నా పేరు దల్లే. నేను ఫిజియోథెరపిస్టుని. మా ఊరు టోంగ్‌యంగ్‌లో, రేవు వెనక వీధిలో ఉన్న ఎముకల ఆస్పత్రిలో పదకొండేళ్లుగా అదే ఉద్యోగం. రోజంతా వంగి ఆయిస్టర్ చిప్పలు ఒలిచేవాళ్లు, వలలు కుట్టేవాళ్లు, ఫోన్లలో తలలు దూర్చేవాళ్లు, అందరూ మెడ ముందుకు వేలాడేసుకుని నా దగ్గరికే వస్తారు. మావాళ్లు దానికి తాబేలు మెడ అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో తాబేళ్లన్నిటినీ బాగుచేసేదాన్ని, మా ఇంట్లో తాబేలును వదిలేస్తానా?

"ఇదిగో, మీ అన్న మళ్లీ చారులో మొహం కడుక్కుంటున్నాడు," అని వదిన నాకు చాడీలు చెప్పడం ఆ వసంతంలోనే మొదలైంది. ముల్లంగాకు చారు గిన్నె మీదికి అన్నయ్య తల వాలిపోతుండేది. వదిన చెంచాతో ఆయన గడ్డాన్ని పైకి తోసి, "ఏమయ్యా, గిన్నెలో ఏమైనా పారేసుకున్నావా?" అనేది. ఆయన నవ్వి తల ఎత్తేవాడు. కాసేపటికి అది మళ్లీ వాలిపోయేది.

వదిన పేరు బోంగ్‌నిమ్. దీవిలో పుట్టిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. పెళ్లినాడు అన్నయ్య ఆవిడకి ఒక మాటిచ్చాడు, ఆ దీవిని చిప్ప పనితో తలుపుల మీద దించి ఒక బీరువా చేసిస్తానని. ఇరవై నాలుగేళ్లయింది. దుకాణాల వాళ్ల పనులే తెమలలేదు. "నన్ను పాతిపెట్టాక ఆ బీరువా నా మీద బోర్లించండి," అని వదిన ఏడాదికోసారైనా దెప్పేది. ఆ ఏడు అన్నయ్య ఎవరి పనీ ఒప్పుకోకుండా, ఆ తలుపులు రెండూ పక్కపక్కన బల్ల మీద పరిచి అంచుల్లో సముద్రం మొదలుపెట్టాడు. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకి రావడం ఆ పనివాళ్ల పద్ధతి. అసలు బొమ్మను ఆఖరికి ఉంచుకుంటారు. అప్పటికి చెయ్యి ఆ చెక్కకి మచ్చికవుతుందట.

రెండు బెత్తెల అలలు పడ్డాయో లేదో, నేను కత్తి తీసేసుకున్నాను.

"వానాకాలం గదే," అన్నాడు అన్నయ్య. "నల్లపూత ఆరేది ఇప్పుడే. ఈ రెండు నెలలూ పోతే మళ్లీ ఏడాది దాకా ఆగాలి."

చెట్టు పాలతో చేసే ఆ పూత ఎండకి ఆరదు, వాన తేమకే గట్టిపడుతుంది. అది నాకు తెలియనిది కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మానాన్న పోతే, ఆ పూత వాసనలోనే నన్ను పెంచాడు.

"వచ్చే ఏడు వానలు రావా ఏంటి?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఎవరో అన్నట్టు మర్చిపోదామని చాలాసార్లు చూశాను గానీ కుదరలేదు.

పనిగదికి తాళం వేసి తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అన్నయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లాను. మాకు ఆ వసంతంలోనే వీఆర్ యంత్రం వచ్చింది. కళ్లకి పెట్టెలాంటిది కట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఇసుక ఒడ్డు, సముద్రం, పైన ఆకాశం కనిపిస్తాయి. ఆకాశంలో గాలిపటం ఉంటుంది. గడ్డం లోపలికి లాక్కుని, తల నెమ్మదిగా ఎత్తి, దాన్ని మూడు సెకన్లు కదలకుండా చూడాలి. చూస్తే దారం తెగి అది ఒళ్లో వాలుతుంది, గంట మోగుతుంది. అలా వంద గాలిపటాలు. రబ్బరు తాడు లాగమంటే మూలిగేవాళ్లు కూడా దీనికి మాత్రం వరస కట్టేవారు.

"గుర్రానికి కట్టే గంతల్లా ఉన్నాయే ఇవి," అన్నాడు అన్నయ్య.

"ముందు కట్టుకో."

"ఈలోగా ఎవడైనా నా జేబు కొట్టేస్తే?"

"నీ జేబులో ఏముంటుందో వదినకి తెలుసు, నాకూ తెలుసు. కూర్చో."

నవ్వుతూ కూర్చున్నాడు. పట్టీలు బిగిస్తూ, "నొప్పుందా?" అని అడిగాను.

"లేదు. బరువుగా ఉంటుంది, అంతే."

"ఈ ఊరి మగాళ్లకి మీద పడవ పడ్డా నొప్పుండదు," అన్నాను. పదకొండేళ్లలో మెడ అంతలా వంగిపోయి నొప్పి లేదన్న మనిషి నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఇంకెవరైనా ఆ మాట అనుంటే అక్కడే ఆగి ఆలోచించేదాన్ని. ఆయన మా అన్నయ్య, పైగా మొండివాడు. అంతకుమించి నా బుర్రలోకి ఏమీ రాలేదు.

మొదటి రోజు ముప్ఫై ఒక్క గాలిపటాలు పట్టాడు. పెట్టె విప్పేసరికి ముఖం చిన్నబోయి ఉంది. "నాకన్నా ముందు కూర్చున్న ముసలమ్మ అరవై పట్టింది," అన్నాడు.

అలా డీలాపడేవాళ్ల కోసం ఆ యంత్రంలో ఒక సదుపాయం ఉంది. దాని పేరు 'తోడు'. అది పెడితే, తల అంత ఎత్తుకి లేవకపోయినా గాలిపటమే మెల్లగా దిగివచ్చి చూపుకి అందుతుంది. నాలుగు రోజులు గంటలు మోగితే మనిషికి ఉత్సాహం వస్తుంది, అప్పుడు తీసేయాలి. మర్నాడు అన్నయ్యకి చెప్పకుండా తోడు పెట్టాను. ఒక వారం ఉంచి తీసేద్దామనుకున్నాను. ఆ వారం ఆస్పత్రి కిటకిటలాడింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, నేను తెర అవతల ఇంకో మెడ పట్టుకునేదాన్ని. గంటలు మాత్రం వినిపిస్తుండేవి.

డెబ్భై. ఎనభై ఆరు. తొంభై రెండు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే వదిన మొదటి ప్రశ్న అదే. "ఇవాళెన్ని?"

"తొంభై ఎనిమిది."

"అమ్మో! ఇంకేం, రేపు మీ అన్నని సైన్యంలో చేర్చుకుంటారు," అని ఇంకో చేప ముక్క ఆయన అన్నం మీద పెట్టేది.

జూలైలో చోబొక్ వచ్చింది. ఉడుకు రోజులకి మొదలని ఇంటింటా జిన్‌సెంగ్ వేరు వేసి కోడి వండుకునే రోజు అది. అన్నయ్యకి ఆ పూట రెండుసార్లు పొరబోయింది. వదిన వీపు తట్టి, "మెల్లగా తినవయ్యా, కోడి చచ్చింది, ఇంకెక్కడికీ పోదు," అంది. ఆయన ఏదో జవాబు చెప్పబోయాడు. మాట సాగదీసినట్టు ముద్దగా వచ్చింది.

"చూశావా దల్లే, పనీపాటా లేకపోయేసరికి పట్టపగలే మక్కొల్లి పట్టించాడు. నాలుక ఎలా తిరుగుతోందో చూడు!"

నేను పగలబడి నవ్వాను. మేమిద్దరం నవ్వడం చూసి ఆయనా నవ్వాడు. తాగలేదని మాత్రం చెప్పలేదు.

ఆగస్టు వచ్చేసరికి ఆస్పత్రిలో వందకి వంద పడుతున్నాయి, ఇంట్లో ఆయన గడ్డం రొమ్మును తాకుతోంది. రెండూ ఒకే మనిషివి ఎలా అవుతాయి? నాకు తోచిన సమాధానం ఒక్కటే, నా కళ్లు కప్పి పనిచేస్తున్నాడని. పనిగదికి వెనక కిటికీ ఉంది. అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ఆయన్ని నిలదీశాను.

"కిటికీలోంచి దూరుతున్నావు కదూ?"

"లేదే."

"మరి ఈ తలేంటి? అక్కడ వంద పట్టిన తల ఇంటికి రాగానే ఎక్కడికి పోతోంది?"

"నేను చేస్తూనే ఉన్నాను కదే..."

"నీకు మెడ అక్కర్లేదు, చిప్పే కావాలి. ఆ ముక్క చెప్పేస్తే నేనూ నా మధ్యాహ్నాలు నీకోసం తగలేసుకోను."

లోపలినుంచి వదిన, "అంతలా అరవకే, ఆయనేం దొంగా?" అంది. నేను విసురుగా వెళ్లి పనిగది తాళం తీశాను. బల్ల మీద దుమ్ము పొర చెక్కుచెదరకుండా ఉంది. అతికించిన రెండు బెత్తెల అలల మీద తేమకి తెల్లగా బూజు పట్టింది. ఎవరి వేలిముద్రా లేదు. అప్పుడైనా 'నాది తప్పు అన్నయ్యా' అనాలి. అనలేదు. "అయితే రేపటినుంచి రెండు పూటలా రా," అన్నాను.

వచ్చాడు. ఆ వానలో, పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, గొడుగు భుజానికి ఆనించి, తన కాళ్లే చూసుకుంటూ వచ్చేవాడు. ఒక్క రోజు కూడా మానలేదు.

ఆగస్టు ఆఖరి వారంలో తుఫాను. పడవలు ఆపేశారు. దీవులనుంచి రోగులెవరూ రాలేదు, ఆస్పత్రి ఖాళీ. రెండు నెలల్లో మొదటిసారి నాకు అన్నయ్య ఎదురుగా నిలబడే తీరిక దొరికింది.

పెట్టె కట్టుకుని కూర్చున్నాడు. గాలిపటం వచ్చినట్టుంది. కుడిచెయ్యి మెల్లగా లేచింది, గడ్డం కిందికి వెళ్లింది. అరచేత్తో గడ్డాన్ని ఎత్తి పట్టుకున్నాడు. మూడు సెకన్లు. గంట మోగింది. చెయ్యి తీశాడు, తల పడిపోయింది. మళ్లీ చెయ్యి లేచింది.

పక్కనున్న కంప్యూటర్ తెర వైపు చూశాను. ఆయనకి కనిపిస్తున్నదే అందులోనూ కనిపిస్తుంది. అందులో ఆకాశం లేదు. తడి ఇసుక ఉంది, నురగ ఉంది. గాలిపటాలు ఇసుక మీద పాకుతున్నాయి.

లెక్క చూపించే మొదటి పేజీనే మేం రోజూ చూస్తాం. రెండో పేజీ ఒకటుంది, తల ఎంత ఎత్తుకి లేచిందో చెప్పేది. అది తెరిచాను. మొదటి రోజు కంటి మట్టానికి పైన ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. జూలై మధ్యలో ఇరవై. జూలై ఆఖరికి సున్నా. ఆ రోజు, చేత్తో ఎత్తుకుంటే కూడా, కంటికి కింద పన్నెండు. ఆ చివరి అంకెలన్నిటి పక్కనా వంద, వంద, వంద. మూలన 'తోడు' ఇంకా ఆకుపచ్చగా వెలుగుతోంది.

ఇరవై నిమిషాలయ్యాయి. వెళ్లి పెట్టె విప్పాను. బుగ్గల మీద పట్టీల గుర్తులు పడ్డాయి.

"ఎన్నే?" అన్నాడు.

"వంద," అన్నాను.

పై అంతస్తులో డాక్టర్ పియో గారి గదికి తీసుకెళ్లాను. ఆయన మెడ చూశారు, భుజాలు చూశారు, చేతులు పిడికిలి పట్టమన్నారు. తర్వాత, "నాలుక చాపండి," అన్నారు. చిప్ప వెనక జిగురు మెత్తబడాలని అన్నయ్య ముప్ఫై మూడేళ్లు ప్రతి పోగునూ ఆ నాలుకతోనే తడిపాడు. చాపాడు. ఆయన కదపకుండానే, అది దానంతటది అంచుల వెంట సన్నగా అదురుతోంది. నేను చదివిన పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. పియో గారు నా వైపు చూడలేదు. "సరే, చాలు," అని కాగితం తీసి జిన్‌జు పెద్దాస్పత్రికి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.

జిన్‌జులో మూడు రోజులు పరీక్షలు చేశారు. కండరాల్ని కదిలించే నరాలు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయన్నారు. మొదట మెడ, తర్వాత మాట, మింగడం, చేతులు, ఆఖరికి ఊపిరి. ఆపే మందు లేదు.

"జూన్‌లోనే తెచ్చుంటే?" అని అడిగాను.

"జబ్బు ఆగేది కాదమ్మా," అన్నాడు ఆ డాక్టరు. "కానీ సత్తువ పోతున్న కండరానికి అంత వ్యాయామం పెట్టకూడదు. జూన్‌లో చేతులు పూర్తిగా బాగుండి ఉంటాయి. ఇప్పుడూ ఫర్వాలేదు. ఎన్నాళ్లుంటాయో చెప్పలేం."

తిరుగు బస్సులో అన్నయ్య వదినకీ నాకూ మధ్య కూర్చున్నాడు, మెడకి గట్టి పట్టీతో. బస్సు ఊరు దాటింది. అప్పుడు ఆయన, "దల్లే, ఇంక కత్తి ఇస్తావా?" అన్నాడు. వదిన కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను బయటికి ఏడవలేదు, నాకు ఆ హక్కు లేదనిపించింది.

సెలవు పెట్టాను. పనిగది దులిపి, బూజు తుడిచాం. గాలి అప్పటికే పొడిబారిపోయింది. వదిన గది చుట్టూ తడి గుడ్డలు ఆరేసి, పొయ్యి మీద నీళ్లు మరిగిస్తూ తేమ పుట్టించేది. మెడపట్టీ ఉంటే అన్నయ్యకి బల్ల కనిపించదు, తీస్తే తల రొమ్ము మీద పడిపోతుంది. అందుకని నేను ఆయన వెనక నిలబడి, ఒక చెయ్యి నుదుటికి, ఒక చెయ్యి దవడకి వేసి తల పట్టుకునేదాన్ని. రెండు నెలల పాటు 'ఎవరి సాయం లేకుండా నీ అంతట నువ్వే ఎత్తు' అని సతాయించిన చేతులే అవి.

"కొంచెం ఎడమకి," అనేవాడు. "ఇంకొంచెం... అబ్బ, నిన్ను బండికి కట్టొచ్చే." మాట బాగా ముద్దయింది. మా ఇద్దరికే అర్థమయ్యేది.

అలా పొద్దున్న రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. ఆయన పోగును నాలుకకి తగిలించుకునేవాడు, అతికించేవాడు, కత్తితో నొక్కి తుంచేవాడు. ఒక అల. ఇంకో అల. నా చేతులు మొద్దుబారేవి, ఆయన కత్తి మాత్రం తప్పేది కాదు. సముద్రం మెల్లగా తలుపుల మధ్యకి జరుగుతోంది. నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

"అన్నయ్యా, ముందు దీవి చేసెయ్యి. సముద్రం తర్వాత చూసుకుందాం."

"అలా... చెయ్యరే."

"ఈ ఒక్కసారికి చెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను."

"చుట్టూ నీళ్లు లేకుండా దీవేంటే?" అన్నాడు.

వదిన వైపు చూశాను, నువ్వైనా చెప్పు అని. ఆవిడ తడి గుడ్డ పిండుతూ, "వదిలెయ్. చేసేది ఆయన. ఆయన చేసినట్టే చెయ్యనీ," అంది. అయినా ఆ తర్వాత ఆవిడ పొద్దున్నే లేచి నీళ్లు మరగబెట్టడం నేను గమనించాను. రెండు గంటల్ని మూడు చెయ్యాలని ఆవిడ తాపత్రయం.

అక్టోబరు ఇరవయ్యో తారీఖున కత్తి జారింది. వంగి తీసి ఆయన వేళ్ల మధ్య పెట్టింది వదిన. మళ్లీ జారింది. మూడోసారి ఆయనే వద్దన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బొటనవేలి కింద కండ లోపలికి పోయి గుంటపడి ఉంది. ఎప్పుడు పోయిందో, పైనుంచి రోజూ ఆ చేతినే చూస్తున్న నాకు తెలియలేదు.

"తిమ్మిరెక్కింది. రేపు చూద్దాం," అన్నాడు.

నేను తల పట్టుకునే ఉన్నాను. చాలాసేపటికి వదిన వచ్చి నా చేతులు విడిపించి, ఆయనకి పట్టీ కట్టింది. మర్నాడూ చూశాం, ఆ మర్నాడూ చూశాం. వారం తర్వాత అడగడం మానేశాం.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, అన్నయ్య పడుకున్నప్పుడు, వదిన ఆ తలుపులు రెండూ బయటికి మోసుకొచ్చి అరుగు గోడకి పక్కపక్కన ఆనించింది. ఎండ పడగానే అలలన్నీ ఒక్కసారి మెరిశాయి. అంత మంచి పని ఆయన ఎన్నడూ చేయలేదు. నాలుగు వైపుల నుంచీ సముద్రం వచ్చి మధ్యలో ఆగిపోయింది. ఆగినచోట దీవి ఉండాలి. అక్కడ నల్లటి చెక్క ఉంది, అందులో మా ఇద్దరి మొహాలు కనిపిస్తున్నాయి.

వదిన కూర్చుని మెత్తటి గుడ్డతో ఆ నలుపును తుడవసాగింది. తుడవడానికి అక్కడ ఏమీ లేదు.

"రెండు నెలలు వదినా," అన్నాను. "ఆ రెండు నెలలూ నేను ఆపకపోతే దీవి అయిపోయేది. నా వల్లే." అన్నాక ఎదురుచూశాను. కాదులేవే, నీకేం తెలుసు, మన రాత అలా ఉంది, అంటుందని. ఆవిడ నన్ను ఎన్నోసార్లు అలా వెనకేసుకొచ్చింది.

వదిన గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అవును," అంది. "నీ వల్లే."

నేను ఆ నల్లటి చెక్కలో ఆవిడ మొహం వైపు చూశాను.

"ఇవాళ ఒక్కరోజు అంటాను దల్లే. అననీ. రేపటినుంచి ఆయన్ని లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరం కావాలి."

ఆవిడ లేచి ఒక తలుపుకి ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క నేను పట్టుకున్నాను. గడప దగ్గర, "చూసుకో, మెట్టుంది," అంది ఎప్పటి గొంతుతోనే.

అన్నయ్య ఆ తర్వాత ఇంకో పదిహేను నెలలు ఉన్నాడు. లేపాం, కూర్చోబెట్టాం, తినిపించాం, తుడిచాం. ఇద్దరం చెరో పక్కా ఉండి చేశాం. 'నీ వల్లే' అన్న మాట వదిన మళ్లీ అనలేదు. ఆయన్ని సాగనంపిన రోజు కూడా, ఒళ్లు తెలియకుండా ఏడుస్తూ కూడా అనలేదు. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ వడ్డిస్తుంది, నేను తింటాను. ఇంకొక్కసారి అంటే బాగుండును అని నాకుంటుంది. ఆవిడ ఇంకాస్త చారు పొయ్యనా అని అడుగుతుంది.